టెర్మినల్ ముందు మొదటిసారి కూర్చున్నప్పుడు ఏం కొట్టాలి, ఎక్కడ ఆగాలి

మా తమ్ముడు ఈ మధ్యే మొదటి ఉద్యోగంలో చేరాడు, చేరిన రెండో వారంలోనే రాత్రి ఫోన్ చేసి "అన్నా, లాగ్స్ చూసి ఎర్రర్ ఎక్కడుందో చెప్పమన్నారు, నల్ల స్క్రీన్ ఓపెన్ చేశా, ఇప్పుడేం కొట్టాలి" అని అడిగాడు. లాగ్స్ అంటే ప్రోగ్రాం నడుస్తూ ఏం జరిగిందో రాసుకునే ఫైళ్ళు, నల్ల స్క్రీన్ అంటే టెర్మినల్, మౌస్ లేకుండా కమాండ్లు టైప్ చేసి పని చేయించుకునే విండో. కోడ్ బానే రాస్తాడు, కానీ నాలుగేళ్ళ బీటెక్‌లో ఎడిటర్‌లో రన్ బటన్ నొక్కడమే తప్ప టెర్మినల్ జోలికి పోయే అవసరం రాలేదు, మనలో చాలామంది పరిస్థితి అదే. వాడికి ఫోన్లో మూడు రాత్రులు చెప్పినవే ఇక్కడ రాస్తున్నా. ఫోన్లో చెప్పినట్టే కమాండ్లు కూడా పలికినట్టు తెలుగులో రాస్తా, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో కొట్టండి, చుక్కలు గీతలు మాత్రం ఇక్కడ ఎలా ఉంటే అలాగే. ఎల్‌ఎస్ అంటే ఎల్, ఎస్ రెండే అక్షరాలు, అంతే. లైనక్స్‌లో పెద్ద అక్షరం వేరు చిన్న అక్షరం వేరు, కాబట్టి ఆ సంగతి మర్చిపోవద్దు.

ముందు టెర్మినల్ ఎక్కడుందో చూద్దాం. లైనక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు అయితే కంట్రోల్ ఆల్ట్ టీ కొడితే వచ్చేస్తుంది. మ్యాక్ అయితే కమాండ్ స్పేస్ కొట్టి టెర్మినల్ అని వెతకండి. విండోస్ వాళ్ళు పవర్‌షెల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి "డబ్ల్యూఎస్ఎల్ --ఇన్‌స్టాల్" అని కొడితే విండోస్ లోపలే ఉబుంటు దిగుతుంది, సిస్టం ఒకసారి రీస్టార్ట్ చేసి యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ పెట్టుకుంటే సరిపోతుంది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు స్క్రీన్ మీద చుక్కలు కూడా పడవు, కీబోర్డ్ పాడైందనుకోకండి, అది తీసుకుంటూనే ఉంటుంది, కొట్టేసి ఎంటర్ నొక్కండి.

తెరవగానే ఒక లైన్ కనిపిస్తుంది, మీ పేరు, మెషిన్ పేరు, ఒక ~ గుర్తు, చివర్లో $ ఉంటాయి, మ్యాక్‌లో అయితే డాలర్ బదులు % ఉంటుంది. దీన్నే ప్రాంప్ట్ అంటారు. నెట్‌లో ట్యుటోరియల్స్‌లో కమాండ్ ముందు డాలర్ గుర్తు రాసి ఉంటుంది కదా, అది ప్రాంప్ట్‌ని చూపించడానికే, దాన్ని కూడా కలిపి కాపీ చేస్తే కమాండ్ పనిచేయదు. డాలర్ బదులు # కనిపిస్తే మాత్రం చెయ్యి కాస్త వెనక్కి తీసుకోండి, మామూలుగా దాని అర్థం మీరు అన్ని హక్కులూ ఉన్న రూట్ యూజర్‌గా ఉన్నారని, అక్కడ ఏం కొట్టినా అడ్డు చెప్పేవాళ్ళు ఉండరు.

ఇప్పుడు అసలు విషయం. టెర్మినల్‌లో మీరు ఎప్పుడూ ఏదో ఒక ఫోల్డర్‌లో నిలబడి ఉంటారు. ఫోల్డర్‌ని ఇక్కడ డైరెక్టరీ అంటారు. మౌస్‌తో అయితే ఏ ఫోల్డర్ తెరిచామో కళ్ళముందే ఉంటుంది, ఇక్కడ అలా కాదు, మనమే అడిగి తెలుసుకోవాలి. కొత్తవాళ్ళు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం కమాండ్ తెలియక కాదు, ఎక్కడ ఉన్నారో తెలియక చేసేవే, నేను అందరికీ ముందు చెప్పేది ఇదే. అందుకని మొదట నేర్చుకోవాల్సింది పీడబ్ల్యూడీ. ప్రింట్ వర్కింగ్ డైరెక్టరీ అన్నమాట, నువ్వు ఫలానా చోట ఉన్నావని పూర్తి దారి చెప్తుంది. తర్వాత ఎల్‌ఎస్, ఇక్కడ ఏమేం ఉన్నాయో చూపిస్తుంది. ఎల్‌ఎస్ -ఎల్ఏ అని కొడితే సైజు, తేదీ, ఎవరిది, ఎవరికి పర్మిషన్ ఉంది అన్నీ వరసగా వస్తాయి, చుక్కతో మొదలయ్యే దాచిన ఫైళ్ళు కూడా కనిపిస్తాయి. కోడ్‌లో మార్పులన్నీ భద్రపరిచే గిట్ వాడే ప్రాజెక్ట్‌లో .గిట్ ఫోల్డర్, పాస్‌వర్డ్లు పెట్టుకునే .ఈఎన్‌వీ ఫైల్ ఇవన్నీ ఉత్త ఎల్‌ఎస్‌కి కనపడవు, -ఏ పెట్టాల్సిందే.

వేరే చోటికి వెళ్ళడానికి సీడీ. సీడీ ప్రాజెక్ట్స్ అంటే ఆ ఫోల్డర్‌లోకి, సీడీ .. అంటే ఒక మెట్టు పైకి, సీడీ - అంటే ఇంతకుముందు ఎక్కడున్నామో అక్కడికి, ఏమీ పెట్టకుండా ఉత్త సీడీ కొడితే ఎక్కడున్నా సరే మీ హోంకి, అంటే మీ సొంత ఫోల్డర్‌కి వచ్చేస్తారు. / తో మొదలైన దారి అంటే సిస్టం మొదలు నుంచి అని అర్థం, / లేకుండా మొదలైతే ఇప్పుడు నిలబడిన చోటు నుంచి అని అర్థం. ఇది ఎవరికైనా అడ్రస్ చెప్పినట్టే, ఇక్కణ్ణుంచి రెండో సందు అంటే మీరు ఎక్కడున్నారో దాన్ని బట్టి మారిపోతుంది, డోర్ నంబర్, వీధి, ఊరు, జిల్లా పూర్తిగా చెప్తే ఎక్కణ్ణుంచైనా ఒకటే. కమాండ్లు వరసగా రాసి పెట్టుకున్న స్క్రిప్ట్ మన లాప్‌టాప్‌లో నడిచి సర్వర్‌లో నడవకపోతే ముందు ఈ తేడానే చూడండి.

ఈ కమాండ్లు ఇంత పొట్టిగా ఎందుకున్నాయి అని తమ్ముడు అడిగాడు, మంచి ప్రశ్న. లైనక్స్‌కి తాత లాంటి యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం 1969లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ వాళ్ళ చేతుల్లో మొదలైంది, అప్పట్లో స్క్రీన్లు కాదు, టెలిటైప్ అనే కాగితం మీద టైప్ కొట్టే మెషిన్లు ఉండేవి, వాళ్ళు వాడిన మోడల్ 33 సెకనుకి పది అక్షరాలే కొట్టేది. అంత నెమ్మదైన మెషిన్ మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా పనిచేసేవాళ్ళకి ఒక్క అక్షరం తగ్గినా లాభమే కదా. ఇప్పటికీ టీటీవై అని కమాండ్ కొట్టి చూడండి, ఆ టెలిటైప్ పేరే మన టెర్మినల్‌కి ఇంకా మిగిలి ఉంది.

పేర్లు మొత్తం టైప్ చేయొద్దు, ఇది గట్టిగా చెప్తున్నా. మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కండి, మిగతాది అదే పూర్తి చేస్తుంది, అలాంటి పేర్లు రెండు మూడు ఉంటే ఇంకోసారి ట్యాబ్ నొక్కితే అన్నీ చూపిస్తుంది. టైం ఆదా కావడం ఒక్కటే కాదు దీని లాభం, ట్యాబ్ రెండుసార్లు నొక్కినా ఏం రాలేదంటే ఆ ఫైల్ అక్కడ లేదు అని మీకు ఎంటర్ కొట్టకముందే తెలిసిపోతుంది. పేరులో స్పేస్ ఉన్న ఫైళ్ళకి కూడా ట్యాబే దిక్కు, ఎందుకంటే టెర్మినల్‌కి స్పేస్ అంటే రెండు వేరే వేరే మాటలు, ట్యాబ్ అయితే మధ్యలో \ పెట్టి సర్దుతుంది, లేదంటే మీరే పేరు మొత్తం కోట్స్‌లో పెట్టాలి. పాత కమాండ్ కావాలంటే పై బాణం, ఎప్పుడో వారం కింద కొట్టింది కావాలంటే కంట్రోల్ ఆర్ నొక్కి అందులో గుర్తున్న ముక్క ఒకటి టైప్ చేయండి, వెతికి తెచ్చి పెడుతుంది.

తయారు చేయడం, కాపీ చేయడం త్వరగా చెప్పేస్తా. ఎంకేడిర్ అంటే ఫోల్డర్ పెట్టడం, ఎం, కే, డీ, ఐ, ఆర్. లోపల లోపల ఫోల్డర్లు ఒకేసారి కావాలంటే ఎంకేడిర్ -పీ. టచ్ అంటే ఖాళీ ఫైల్. సీపీ అంటే కాపీ, ఫోల్డర్ కాపీ చేయాలంటే సీపీ -ఆర్. ఎంవీ అంటే జరపడం, పేరు మార్చడానికి కూడా ఇదే. ఒక జాగ్రత్త, సీపీ గానీ ఎంవీ గానీ అదే పేరుతో అక్కడ ఇంకో ఫైల్ ఉంటే చెప్పకుండా దాని మీద రాసేస్తాయి, -ఐ పెడితే అడిగి చేస్తాయి, కొత్తలో పెట్టుకోండి.

ఇక ఆర్ఎం, అంటే డిలీట్. ఇక్కడ కొంచెం ఆగాలి. ఆర్ఎంకి రీసైకిల్ బిన్ లేదు. ఎంటర్ కొట్టాక అయ్యో అనుకుంటే వెనక్కి తెచ్చే బటన్ లేదు. నేను ఉద్యోగంలో మొదటి ఏడాది బిల్డ్ అనే పేరుతో మొదలయ్యే ఫైళ్ళన్నీ తీసేద్దామని ఆర్ఎం -ఆర్ఎఫ్ బిల్డ్* కొట్టబోయి బిల్డ్‌కి * గుర్తుకి మధ్య ఒక స్పేస్ పెట్టా. ఆ ఒక్క స్పేస్‌తో అర్థం మొత్తం మారిపోయింది, బిల్డ్ అనేది ఒకటి, * అంటే ఇక్కడున్నవన్నీ. రెండు రోజులుగా రాసి ఇంకా గిట్‌లో కమిట్ చేయని కోడ్ మొత్తం పోయింది, మళ్ళీ రాశా, అప్పటి భయం ఇప్పటికీ వేళ్ళలో ఉంది. దాని తర్వాత నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నా, అదే మీకూ చెప్తున్నా. డిలీట్ చేసే ముందు అదే గుర్తుతో ఎల్‌ఎస్ కొట్టండి, ఎల్‌ఎస్ -డీ బిల్డ్* అని. ఏ పేర్లు వచ్చాయో కళ్ళతో చదవండి, చదివాక పై బాణం కొట్టి అదే లైన్‌లో ఎల్‌ఎస్ -డీ తీసి ఆర్ఎం -ఆర్ పెట్టండి, గుర్తుని మళ్ళీ టైప్ చేయొద్దు, అక్కడే స్పేస్ దూరేది. -ఎఫ్ అంటే ఏమీ అడగొద్దు అని, నెట్‌లో ప్రతి చోటా ఆర్ఎం -ఆర్ఎఫ్ అని జంటగా రాసి ఉంటుంది గానీ చాలాసార్లు ఆ ఎఫ్ అవసరం ఉండదు.

ఫైల్ చదవడానికి క్యాట్ అని అందరూ చెప్తారు, చిన్న ఫైల్‌కి బానే ఉంటుంది, రెండు లక్షల లైన్ల లాగ్ ఫైల్‌కి క్యాట్ కొడితే స్క్రీన్ వర్షంలా కారిపోతూనే ఉంటుంది. అప్పుడు కంట్రోల్ సీ కొట్టి ఆపి లెస్ వాడండి. లెస్ యాప్.లాగ్ అని కొడితే పేజీ పేజీగా చూపిస్తుంది, / కొట్టి మాట టైప్ చేస్తే వెతుకుతుంది, ఎన్ నొక్కితే తర్వాతది, పెద్ద జీ నొక్కితే ఫైల్ చివరికి, చిన్న జీ నొక్కితే మొదటికి, క్యూ నొక్కితే బయటికి. మ్యాన్ అనే కమాండ్ కూడా ఇలాగే తెరుచుకుంటుంది, మ్యాన్ ఎల్‌ఎస్ అంటే ఎల్‌ఎస్ గురించి మొత్తం పుస్తకం, బయటికి రావడానికి అక్కడా క్యూనే.

లాగ్స్ చూసేవాళ్ళకి ప్రాణం లాంటివి రెండు, టెయిల్, గ్రెప్. టెయిల్ -ఎఫ్ యాప్.లాగ్ పెట్టుకుని పక్క విండోలో అప్లికేషన్ వాడి చూడండి, కొత్త లైన్లు పడుతున్న కొద్దీ కనిపిస్తూ ఉంటాయి, చాలు అనుకుంటే కంట్రోల్ సీ. గ్రెప్ అంటే మాట ఉన్న లైన్లు మాత్రమే ఏరి ఇవ్వడం. గ్రెప్ -ఐ ఎర్రర్ యాప్.లాగ్ అంటే పెద్ద చిన్న అక్షరాల తేడా లేకుండా ఎర్రర్ ఉన్న లైన్లన్నీ. -ఎన్ పెడితే లైన్ నంబర్ కూడా, -సీ 3 అని పెద్ద సీతో పెడితే దాని ముందు మూడు వెనక మూడు లైన్లు కూడా వస్తాయి, ఎర్రర్ ఎందుకొచ్చిందో మామూలుగా ఆ ముందు లైన్లలోనే దొరుకుతుంది, తమ్ముడికి మొదటి రాత్రి పని అయిపోయింది దీంతోనే. -వీ పెడితే ఉల్టా, ఆ మాట లేని లైన్లు. ప్రాజెక్ట్ మొత్తంలో ఒక ఫంక్షన్ పేరు ఎక్కడెక్కడ వాడారో కావాలంటే గ్రెప్ -ఆర్ఎన్ తర్వాత ఆ పేరు, చివర ఒక చుక్క. ఆ చుక్క అంటే ఇక్కణ్ణుంచి లోపలికి అని.

వీటన్నిటినీ కలిపేది | గుర్తు, పైప్. ఒక కమాండ్ ఇచ్చింది ఇంకో కమాండ్‌కి అందించడం, కాలవ నీళ్ళు ఒక మడి నుంచి ఇంకో మడికి తిప్పినట్టు. డగ్ మెక్ఇల్‌రాయ్ అనే ఆయన ఇది కావాలని ఏళ్ళ తరబడి పట్టుబడితే 1973లో థాంప్సన్ యూనిక్స్‌లో పెట్టాడు, నా దృష్టిలో టెర్మినల్ మొత్తంలో ఇంతకంటే గొప్ప ఆలోచన లేదు. ఒక నిజమైన పని తీసుకుందాం. ఎన్జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ యాక్సెస్ లాగ్‌లో మామూలుగా ప్రతి లైన్ మొదట్లో ఐపీ అడ్రస్ ఉంటుంది, ఏ ఐపీ నుంచి ఎక్కువ రిక్వెస్ట్‌లు వస్తున్నాయో కనుక్కోవాలి. ఇలా కొట్టండి:

కట్ -డీ ' ' -ఎఫ్ 1 యాక్సెస్.లాగ్ | సార్ట్ | యునీక్ -సీ | సార్ట్ -ఆర్ఎన్ | హెడ్

ఒకేసారి మొత్తం కొట్టొద్దు. ముందు కట్ వరకు కొట్టి హెడ్ పెట్టి చూడండి, స్పేస్ దగ్గర కోసి మొదటి ముక్క ఇస్తుంది, అంటే ఐపీలు మాత్రమే. తర్వాత సార్ట్ కలపండి, ఒకే ఐపీలు పక్కపక్కకి చేరతాయి. ఆ తర్వాతే యునీక్, స్పెల్లింగ్ యూ, ఎన్, ఐ, క్యూ నాలుగే అక్షరాలు, చిన్న సీ అంటే ఎన్నిసార్లు వచ్చిందో లెక్క. సార్ట్ ముందు ఎందుకంటే యునీక్ పక్కపక్కన ఉన్న లైన్లనే పోల్చి చూస్తుంది, చెల్లాచెదురుగా ఉంటే ఒకే ఐపీని పది సార్లు వేరే వేరేగా లెక్కపెడుతుంది, తప్పు లెక్క వచ్చిందని కూడా చెప్పదు. చివర సార్ట్ -ఆర్ఎన్ అంటే అంకెల ప్రకారం పెద్దది పైన, హెడ్ అంటే మొదటి పది. ఇలా ఒక్కో ముక్క కలుపుతూ ప్రతిసారీ ఏం వస్తుందో చూసుకుంటూ పోతే పొడుగు కమాండ్ చూసి భయం వేయదు.

వచ్చింది ఫైల్‌లో దాచుకోవాలంటే > పెట్టి ఫైల్ పేరు. ఒక్క > అంటే పాతది తుడిచి రాయడం, >> అంటే చివర కలపడం. ఇక్కడ ఒక గొయ్యి ఉంది, సార్ట్ పేర్లు.టీఎక్స్‌టీ > పేర్లు.టీఎక్స్‌టీ అని అదే ఫైల్‌లోకి పంపితే ఫైల్ ఖాళీ అయిపోతుంది, ఎందుకంటే సార్ట్ చదవడం మొదలుపెట్టకముందే, మన కమాండ్లు అందుకుని నడిపే షెల్ ఆ ఫైల్‌ని తుడిచి సిద్ధం చేసేస్తుంది. వేరే పేరుతో రాసి తర్వాత ఎంవీ చేసుకోండి.

తెలుగుతో పనిచేసేవాళ్ళకి ఒక చిన్న ప్రయోగం. ఎకో అమ్మ | డబ్ల్యూసీ -ఎం అని కొట్టండి, ఆ అమ్మ మాత్రం తెలుగులోనే టైప్ చేయండి. ఎకో అంటే ఇచ్చిన మాట తిరిగి చెప్పడం, డబ్ల్యూసీ -ఎం అంటే అందులో గుర్తులు లెక్కపెట్టడం. 5 వస్తుంది. అ, మ, పొల్లు, మళ్ళీ మ, అవి నాలుగు, లైన్ చివరి గుర్తు ఒకటి. ఇప్పుడు -ఎం తీసి బైట్లు లెక్కపెట్టే -సీ పెట్టండి, 13 వస్తుంది, అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి అయిన యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు కాబట్టి. లైనక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4లో (డిస్క్ మీద ఫైళ్ళు సర్దే పద్ధతి) ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు, అంటే తెలుగు పేరు 85 గుర్తుల దగ్గరే ఆగిపోతుంది. తెలుగు పేర్లతో ఫోల్డర్లు నిక్షేపంగా పనిచేస్తాయి, కాకపోతే చాలా టెర్మినల్స్‌లో వత్తులు విడిపోయి కనిపిస్తాయి, అది చూపించడంలో లోపమే, ఫైల్‌కి ఏమీ కాదు.

ఇరుక్కుపోతే ఏం చేయాలి. నడుస్తున్నది ఆపాలంటే కంట్రోల్ సీ. స్క్రీన్ బిగుసుకుపోయి ఏం కొట్టినా పడకపోతే పొరపాటున కంట్రోల్ ఎస్ నొక్కి ఉంటారు, కంట్రోల్ క్యూ కొట్టండి, వదులుతుంది. కంట్రోల్ జెడ్ నొక్కితే ప్రోగ్రాం చావదు, ఆగి పక్కన కూర్చుంటుంది, ఎఫ్‌జీ అని కొడితే మళ్ళీ ముందుకొస్తుంది. గిట్ కమిట్ చేస్తుంటే విమ్ అనే ఎడిటర్ తెరుచుకుని బయటికి రాలేకపోతే ఎస్కేప్ నొక్కి :క్యూ! కొట్టి ఎంటర్, సేవ్ చేసి రావాలంటే :డబ్ల్యూక్యూ.

ఎర్రర్ మెసేజ్‌లు చదవండి, దయచేసి చదవండి, చాలామంది చదవకుండానే స్క్రీన్‌షాట్ పంపిస్తారు. కమాండ్ నాట్ ఫౌండ్ అంటే స్పెల్లింగ్ తప్పు, లేదా అది ఇన్‌స్టాల్ కాలేదు, లేదా ఇన్‌స్టాల్ అయింది గానీ కమాండ్లు వెతికే ఫోల్డర్ల జాబితా అయిన పాత్‌లో ఆ ఫోల్డర్ లేదు, ఈ మూడే. విచ్ పైథాన్3 అని కొడితే ఏ ఫోల్డర్‌లోది నడుస్తుందో చెప్తుంది. పర్మిషన్ డినైడ్ వచ్చిందంటే వెంటనే కమాండ్ ముందు సుడో, అంటే రూట్ హక్కులతో నడిపించే మాట, తగిలించకండి. ఎల్‌ఎస్ -ఎల్ కొట్టి ఆ ఫైల్ ఎవరిదో చూడండి. మీ స్క్రిప్టే అయితే సీహెచ్‌మోడ్ యూ+ఎక్స్ తర్వాత ఫైల్ పేరు చాలు, మీకు నడిపే పర్మిషన్ వస్తుంది, అందరికీ అన్ని పర్మిషన్లూ ఇచ్చే 777 పెట్టాల్సిన పని లేదు. ప్రాజెక్ట్ లోపల జావాస్క్రిప్ట్ లైబ్రరీలు దించే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్‌కి సుడో పెడితే రూట్ పేరు మీద ఫైళ్ళు పడే ప్రమాదం ఉంది, తర్వాత మీ ఫోల్డర్‌లో మీ ఫైళ్ళే మీరు ముట్టుకోలేరు.

అప్లికేషన్ మొదలుపెడుతుంటే పోర్ట్ 3000, అంటే నెట్‌వర్క్‌లో దాని తలుపు నంబర్, వాడుకలో ఉంది అని వస్తే ఎల్‌ఎస్ఓఎఫ్ -ఐ :3000 కొట్టండి, ఏ ప్రాసెస్, అంటే నడుస్తున్న ఏ ప్రోగ్రాం, పట్టుకుని కూర్చుందో దాని పీఐడీ నంబర్‌తో సహా చెప్తుంది. పేరు చూసి అది మీదేనని నిర్ధారించుకుని కిల్ తర్వాత ఆ నంబర్ కొట్టండి. ఉత్త కిల్ అంటే మర్యాదగా ముగించమని చెప్పడం, అది తన పనులు సర్దుకుని పోతుంది, కిల్ -9 అంటే సర్దుకునే అవకాశం కూడా ఇవ్వకుండా తీసేయడం, మొదటిది వినకపోతేనే రెండోది.

మూడో రాత్రి తమ్ముడు ఎస్ఎస్‌హెచ్ అనే కమాండ్‌తో దూరంగా ఉన్న సర్వర్‌లోకి వెళ్ళాడు, రెండు విండోలు పక్కపక్కన, ఒకటి వాడి లాప్‌టాప్, ఒకటి సర్వర్, రెండూ ఒకేలా నల్లగా. ఇలా ఉన్నప్పుడు ఏదైనా కొట్టే ముందు హోస్ట్‌నేమ్ అని కొట్టండి, ఏ మెషిన్‌లో ఉన్నారో చెప్తుంది, తర్వాత హూయామ్ఐ, ఏ యూజర్‌గా ఉన్నారో చెప్తుంది, తర్వాత పీడబ్ల్యూడీ. సర్వర్ విండో రంగు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ముదురు ఎరుపు పెట్టుకోమన్నా, పెట్టుకున్నాడు. పని అయ్యాక ఆ విండో అలా తెరిచి వదిలేయకుండా ఎగ్జిట్ కొట్టి, ప్రాంప్ట్‌లో మళ్ళీ మీ లాప్‌టాప్ పేరు వచ్చిందో లేదో చూసుకుని అప్పుడు లేవండి.